విచారణ లేకుండా శిక్షా? – ఇంటి కంప్యూటరు, ఇంటర్నెట్ వేగం

(సూరత్ రింగ్ రోడ్డు ప్రాంతంలో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రింగ్ రోడ్డు మీద సభ పెట్టుకుని మాట్లాడడం తేలిక కాదు. క్రింద బట్టల మార్కెట్లకు వచ్చే టెంపోల మోత, పైన ఫ్లైఓవరు మోత. కిటికీలు మూయించిన అధ్యక్షులకు కృతజ్ఞతలు. ఉక్కపోతకు మాత్రం బాధ్యత వారిదే.

ఈనాటి విషయం విని కొందరు నవ్వారని మాకు తెలుసు. జీతభత్యాలు, ఖాళీల భర్తీ, పింఛను వంటి సమస్యలు వుండగా ఇంటి కంప్యూటరులో ఇంటర్నెట్ నెమ్మదించిన సంగతి సంఘం మాట్లాడవలసినదా అని అడిగారు. మాట్లాడవలసినదే. రైల్వేలో పాసు కావాలంటే 2020 నుండి కంప్యూటరు ద్వారానే దరఖాస్తు. పదవీ విరమణ చేసిన పెద్దలకు జీవన ప్రమాణ పత్రం 2014 నవంబరు నుండి అంకెల రూపంలో వచ్చింది. రైల్వే నియామక మండలి పరీక్షకు మన పిల్లలు కాగితం మీద దరఖాస్తు పెట్టుకునే రోజులు పోయాయి. ఫోటో, సంతకం సైతం తెర మీదనే పంపాలి. ఒకప్పుడు కౌంటరు ముందు వరుసలో నిలబడేవాళ్ళము. ఇప్పుడు ఇంట్లో కుర్చీలో కూర్చుని, తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ నిలబడుతున్నాము. ఆ చక్రం ఆగక గడువు దాటిపోతే నష్టం మనదే.

ఇక జరిగిన సంగతి చెబుతాము.

లింబాయత్ వైపు నివసించే మన తపాలా సోదరుడొకరు సహకార పరపతి సంఘంలో 40 వేల రూపాయల అప్పుకు దరఖాస్తు పెట్టారు. కారణం అన్న గడిలో 'కొత్త కంప్యూటరు' అని వ్రాశారు. వారి తండ్రిగారు కరీంనగర్ వైపు నుండి మగ్గం పనికి సూరత్ వచ్చినవారు. ఈయన ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలో చదువుకుని, శాఖలో చేరారు. కుమార్తె పరీక్షలకు చదువుతున్నది. ఇంట్లో 100 మెగాబిట్ల కనెక్షను. ఫోనులో అంతా చక్కగా వస్తుంది. కంప్యూటరులో మాత్రం ఏ పేజీ తెరుచుకోదు. తెరుచుకున్నా సగంలో ఆగిపోతుంది. దరఖాస్తు గడువు ఇక రెండు రోజులు.

ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చాడు. తన ఫోనులో పరీక్ష చేసి 93 చూపించాడు. 'మా లైను బాగున్నది, మీ కంప్యూటరు పాతది' అని చెప్పి వెళ్ళాడు. కంప్యూటరు దుకాణం వాళ్ళు అయిదు నిమిషాలు చూసి, 'ఇది పనికిరాదు, కొత్తది తీసుకోండి' అన్నారు. సోదరుడు అప్పు దరఖాస్తు తీసుకుని మా వద్దకు వచ్చారు.

మేము ఏమి చేశామో దాచుకోము. కంపెనీ మీద కోపంతో సంఘం లెటర్‌హెడ్ మీద ఘాటైన ఉత్తరం వ్రాసి, సంతకం చేసి పంపాము. డబ్బు తీసుకుని సేవ చేయడం లేదని, వినియోగదారులను మోసం చేస్తున్నారని వ్రాశాము. ఆ ఉత్తరంలో తేదీ తప్ప మరేదీ నిజం కాదని మరునాడు తేలింది.

కామ్రేడ్స్, ముప్పై ఏళ్ళుగా మనం దేనికోసం కొట్లాడుతున్నాము? తపాలా శాఖలో 1965 నాటి నియమావళి, రైల్వేలో 1968 నాటి నియమావళి పట్టుకుని ఎన్ని కేసులు వాదించాము! విచారణ లేకుండా, సంజాయిషీ వినకుండా పెద్ద శిక్ష వేయరాదన్నాము. ప్రమాదం జరిగితే అందరికంటే క్రింద వున్న గేట్‌మన్ మెడకు చుట్టవద్దన్నాము. మరి ఆ ఇంట్లో జరిగినదేమిటి? దుకాణం వాళ్ళు కంప్యూటరును దోషి అన్నారు. మేము కంపెనీని దోషి అన్నాము. ఎవరమూ విచారణ జరపలేదు.

మరునాడు సాయంత్రం డ్యూటీ దిగి, మా శాఖలో ఈ పని తెలిసిన యువ సిగ్నల్ ఉద్యోగిని వెంటబెట్టుకుని వారింటికి వెళ్ళాము. ఆ పూట నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెప్పబోయేది.

రైలు ఆలస్యమైతే కంట్రోలు ఆఫీసు మొదట అడిగేది 'ఎవరిది తప్పు?' అని కాదు. 'ఏ సెక్షనులో ఎన్ని నిమిషాలు పోయాయి?' అని. రిజిస్టరు ఉత్తరం అందకపోతే తపాలావారు ఏ ఆఫీసు ముద్ర వరకు వచ్చింది, ఏ ముద్ర తరువాత జాడ లేదు అని చూసేవారు. ఇంటర్నెట్ కూడా సెక్షన్ల మీదుగా నడిచేదే. కంప్యూటరు నుండి వైఫై డబ్బా వరకు ఒక సెక్షను. అది తీగ కావచ్చు, గాలి కావచ్చు. డబ్బా నుండి వీధిలోని ఫైబరు మీదుగా కంపెనీ ఆఫీసు వరకు మరొకటి. అక్కడి నుండి మనం చూడదలచిన పేజీ వున్న ఊరు వరకు మూడవది. ఏ సెక్షనులో పోయినా తెర మీద కనబడేది ఒకే చక్రం.

ఇంట్లో ఫోను, టి.వి., కంప్యూటరు అన్నీ నెమ్మదిస్తే రెండవ, మూడవ సెక్షన్లను అనుమానించాలి. ఒక్క కంప్యూటరే నెమ్మదించి మిగిలినవి పరుగెత్తుతుంటే మొదటి సెక్షనును, కంప్యూటరునే చూడాలి. ఇంత చిన్న మాట ఎవరికైనా తడుతుందనుకుంటాము. ఉత్తరం వ్రాసినప్పుడు మాకు తట్టలేదు.

తూకం సరిగా లేకపోతే తగవు తీరదు గనుక ముందు కొలత గురించి చెప్పుకుందాము. కంపెనీ 100 అని చెప్పేది మెగాబిట్లలో. ఏదైనా ఫైలు దింపుకునేటప్పుడు కంప్యూటరు తరచుగా మెగాబైట్లలో చూపిస్తుంది. 8 బిట్లు ఒక బైటు. అంటే 100 మెగాబిట్ల కనెక్షనులో ఫైలు సెకనుకు 12 మెగాబైట్లకు కాస్త అటూ ఇటూ దిగితే అది పూర్తి వేగమే. '100 ఇస్తామని 12 ఇస్తున్నారు' అని వచ్చిన ఫిర్యాదులు మా ఫైలులో వున్నాయి. వాటిని మర్యాదగా వెనక్కి ఇచ్చాము.

ప్లాను కాగితంలో చిన్న అక్షరాల వరుస కూడా చదవాలి. నెలలో ఇంత డేటా దాటితే వేగం తగ్గిస్తామన్న షరతు అక్కడ వుంటుంది. నెల చివరి వారంలోనే నెమ్మదిస్తున్నదంటే ముందు దానిని చూడండి. 'బ్రాడ్‌బ్యాండ్' అనే పేరుకు ప్రభుత్వం పెట్టిన కనీస వేగం 2004లో 256 కిలోబిట్లు, 2013లో 512, 2023లో 2 మెగాబిట్లు. కాబట్టి వందకు డబ్బు కట్టి పది పొందుతున్నవాడికి ఆ నిర్వచనం పెద్ద అండ కాదు. మనకు అండ మనం వ్రాసుకున్న కొలతలే. వేగ పరీక్ష ఒక్కసారి చేసి తీర్పు చెప్పవద్దు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిది గంటలకు చేసి నోటు పుస్తకంలో గంట, నిమిషాలతో వ్రాయండి. స్టేషను మాస్టర్లకు, సార్టింగ్ అసిస్టెంట్లకు ఇది నేర్పనవసరం లేదు.

రాత్రి తొమ్మిది అని ఎందుకన్నామంటే, ఇళ్ళకు వచ్చే ఫైబరు చాలాచోట్ల ఒకే పోగును చీల్చి 32 లేక 64 ఇళ్ళకు పంచినది. ఎక్కువగా వాడుకలో వున్న పద్ధతిలో అందరికీ కలిపి దిగే వేగం సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, ఎక్కే వేగం 1.25. మార్కెట్లు మూసి జనం ఇళ్ళు చేరి అందరూ ఒకేసారి సినిమాలు పెడితే రద్దీ తప్పదు. రాత్రి మాత్రమే, అన్ని పరికరాలకూ తగ్గితే అది రద్దీ. పగలూ రాత్రీ ఒక్క కంప్యూటరుకే తగ్గితే అది రద్దీ కాదు.

సోదరుని ఇంట్లో ఫోనును డబ్బా ప్రక్కనే పెట్టి మేము కూడా కొలిచాము. 93 వచ్చింది. కంపెనీ మనిషి అబద్ధమాడలేదు. లెటర్‌హెడ్ గుర్తొచ్చి మాకు అప్పుడే చెమటలు పట్టాయి. కంప్యూటరులో కొలిచాము. 4 వచ్చింది. మళ్ళీ కొలిస్తే 7. మరోసారి పరీక్షే పూర్తికాలేదు.

ఇక్కడ మా యువ సోదరుడు చేసిన పనిని గమనించండి. కంప్యూటరును విప్పలేదు, దానిలో ఏ మందూ పోయలేదు. కంప్యూటరుకు వున్న తీగను ఊడదీసి, తాను తెచ్చిన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ఆ తీగ మీద ఆ మంచి ల్యాప్‌టాప్ కూడా 5 చూపించింది. తరువాత తన సంచిలోని పొట్టి తీగను డబ్బాకు తగిలించి, కంప్యూటరును డబ్బా దగ్గరకు మోయించి, దానికి కలిపాడు. 94 వచ్చింది. రెండే మార్పిళ్ళు. కంప్యూటరు నిర్దోషి. కంపెనీ నిర్దోషి. మధ్యలోని తీగ దోషి.

ఆ తీగ వెంట చేతితో తడుముకుంటూ పోతే, గోడ మూలన ఇనుప మంచం కోడు దాని మీద కూర్చుని వున్నది. దీపావళి శుభ్రతలో మంచం జరిపినది ఇంటివారే. ఆ రోజు నుండే నెమ్మదించిందని అమ్మాయి అప్పుడు గుర్తు చేసుకున్నది. ముందే అడిగి వుంటే మా ఉత్తరం మిగిలేది.

తీగ లోపలి సంగతి కొంచెం చెప్పాలి. దానిలో 8 సన్నని రాగి తీగలు, రెండేసి మెలివేసిన 4 జతలుగా వుంటాయి. 100 మెగాబిట్లకు 2 జతలు చాలు. 1000 మెగాబిట్లకు నాలుగూ కావాలి. ఒక జత తెగితే తీగ చచ్చిపోదు. రెండు కొనలలోని యంత్రాలు మాట్లాడుకుని తక్కువ వేగానికి ఒప్పుకోవచ్చు. బలహీనమైన వంతెన మీద కాషన్ ఆర్డరు ఇచ్చినట్లు 1000 నుండి 100కు, 100 నుండి 10కి దిగుతుంది. బండి నడుస్తూనే వుంటుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. విండోస్‌లో సెట్టింగ్సుకు వెళ్ళి నెట్‌వర్కు, అందులో ఈథర్నెట్ తెరిస్తే 'లింక్ స్పీడ్' అన్న వరుస వుంటుంది. అక్కడ 10 కనబడితే ముందు తీగను మార్చండి. మిగతా ఆలోచనలన్నీ తరువాత. 100 కనబడి, మీరు 300కు డబ్బు కడుతుంటే, ఆ కంప్యూటరుకు 95 దాటి రాదు. తీగ అయినా కావచ్చు, పాత కంప్యూటరులోని రంధ్రమే 100 వరకు కావచ్చు. అలాంటి ఇంట్లో 300 నుండి 500కు ప్లాను పెంచితే పెరిగేది బిల్లు ఒక్కటే.

మన ఇళ్ళలో తీగ వాడేవారు తక్కువ, గాలి వాడేవారు ఎక్కువ. కనుక వైఫై సంగతి.

ఒంటి లైను సెక్షన్లలో పనిచేసిన పెద్దలు ఈ సభలో వున్నారు. ఉధ్నా–జల్‌గావ్ మార్గం రెండు లైన్లు కాకముందు ఎదురు బండి కోసం క్రాసింగులో గంటలు గడిపినవారున్నారు. టోకెను బంతి చేతికి అందితేనే డ్రైవరు కదలాలి. ఒక సెక్షనులో ఒకే బండి. వైఫై కూడా అంతే. ఒక గాలి మార్గంలో ఒక సమయాన ఒకరే మాట్లాడాలి. పోయేదీ వచ్చేదీ ఒకే లైను మీద. ఇంట్లో నాలుగు పరికరాలుంటే నాలుగూ వంతు కోసం ఆగాలి. తీగ అయితే డబుల్ లైను, అప్ అప్పే, డౌన్ డౌనే.

పైగా ఆ ఒంటి లైను మన ఇంటిది మాత్రమే కాదు. అపార్టుమెంటులో వైఫై పేర్ల జాబితా తెరవండి. ఇరవై పేర్లు కనబడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ అనే పాత బాటలో ఒకదానికొకటి తగలకుండా నడిచే మార్గాలు మూడే: 1, 6, 11. ఇరవై ఇళ్ళవారు ఆ మూడింటిలో సర్దుకుంటున్నారు. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ బాటలోనే అరుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బాట విశాలమైనది, వేగమైనది. కాని గోడలు దాటడంలో బలహీనం. డబ్బా వున్న గదిలో 5, దూరపు గదిలో 2.4 అని సాధారణంగా అనుకోవచ్చు.

సాధారణంగా అని ఎందుకన్నామంటే, పాత కంప్యూటర్లలో చాలావాటికి 5 బాట కనబడనే కనబడదు. వాటిలోని వైఫై చిప్పు 2.4లోనే, ఒకే యాంటెన్నాతో పనిచేస్తే, గాలిలో ఒప్పందపు వేగమే 72 మెగాబిట్లు. చేతికి వచ్చేది అందులో సగానికి కొంచెం అటూ ఇటూ. అదే గదిలో కొత్త ఫోను 5 బాటలో 93 చూపిస్తుంది. అప్పుడు 'ఫోనులో వస్తున్నది, కంప్యూటరులో రాదు' అన్న ఫిర్యాదు నిజమే. పరిష్కారం కొత్త కంప్యూటరు కాదు. కొన్ని వందల రూపాయలకు దొరికే, రెండు బాటలూ పట్టగల యు.ఎస్.బి. వైఫై బిళ్ళ. లేదా తీగ. మమ్మల్ని అడిగితే తీగ.

ఇక డబ్బాను పెట్టే చోటు. మన ఇళ్ళలో దానిని ఇనుప బీరువా వెనుక, టి.వి. వెనుక, పిల్లలకు అందకుండా అటక మీద దాస్తాము. ఇనుము ఆ తరంగాలను తినేస్తుంది. ఇంటి నడుమ, ఛాతీ ఎత్తున, ఎదుట అడ్డు లేకుండా పెట్టడానికి ఖర్చేమీ లేదు. తపాలా పెట్టెను ఎవరూ బీరువా వెనుక పెట్టరు గదా!

సోదరుని ఇంటికి తిరిగి వద్దాము. తీగ మార్చాము, 94 వచ్చింది, టీ త్రాగాము, సంతోషించాము. అరగంటలో అమ్మాయి వచ్చి మళ్ళీ నెమ్మదించిందని చెప్పింది. తొందరపడి కేసు మూసేశామన్నమాట. రెండవ దోషి వున్నాడు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అది కంప్యూటరులోని మస్టర్ రోలు. ఎవరు డ్యూటీలో వున్నారు, ఎవరు ఎంత తింటున్నారు అనేది అందులో వరుసగా వుంటుంది. నెట్‌వర్కు అన్న గడిని నొక్కితే ఎక్కువ తింటున్నవాడు పైకి వస్తాడు. ఆ ఇంట్లో పైకి వచ్చినది, ఫోటోలను ఇంటర్నెట్‌లో దాచే ప్రోగ్రాము. పెళ్ళి ఫోటోలు, వీడియోలు వేలకొద్దీ ఎక్కిస్తున్నది. చెడిన తీగ మీద నెలల తరబడి అంగుళం కదలక, మంచి తీగ దొరకగానే ఒక్కసారిగా విరుచుకుపడింది.

ఎక్కించడం వల్ల దిగేది ఎందుకు ఆగాలి అన్న ప్రశ్న వస్తుంది. ఇది తపాలా సోదరులకు ఇట్టే అర్థమవుతుంది. కంప్యూటరుకు వచ్చే సరుకు పొట్లాలుగా వస్తుంది. పొట్లాలు అందగానే 'ముట్టినది' అని అవతలికి రసీదు పంపాలి. రసీదు అందితేనే అవతలివాడు ముందుకు పంపుతాడు. మన ఎ.డి. కార్డు పద్ధతే. వెళ్ళే దారి నిండా పెళ్ళి ఫోటోల మూటలు వుంటే ఎ.డి. కార్డు వరుసలో చిక్కుకుంటుంది. దాంతో దిగే దారి ఖాళీగా వున్నా బండి రాదు. ఎక్కే వేగం తక్కువగా ఇచ్చే ప్లానులలో ఈ బాధ మరీ ఎక్కువ. ఆ ప్రోగ్రామును రాత్రి పన్నెండు తరువాత నడిచేటట్లు పెట్టాము.

విండోస్ తనను తాను నవీకరించుకునే పని కూడా ఇలాంటిదే. దానిలో 'డెలివరీ ఆప్టిమైజేషన్' అని ఒక ఏర్పాటున్నది. మన కంప్యూటరు తాను దింపుకున్న నవీకరణలను ఇతర కంప్యూటర్లకు కూడా పంచుతుంది. సహకార సూత్రం మంచిదే కాని, మన వాటా డబ్బుతో ఊరందరికీ పంచమని మనం తీర్మానించలేదు. సెట్టింగ్సులో దానిని ఆపవచ్చు. నవీకరణను మాత్రం ఆపవద్దు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానితోనే నడుస్తున్నవారు తలుపుకు గడియ లేని ఇంట్లో వున్నట్లే. వారు శాఖా కార్యాలయానికి వచ్చి విడిగా మాట్లాడండి. అందులో ఖర్చు వుండవచ్చు, వుండకపోవచ్చు.

అదే టాస్క్ మేనేజరులో డిస్కు అన్న గడి 100 శాతం చూపిస్తుంటే, మెమరీ నిండిపోయి వుంటే, నెమ్మదించినది ఇంటర్నెట్ కాదు, కంప్యూటరే. పేజీ వచ్చి గుమ్మంలో నిలబడినా లోపలికి తెచ్చే మనిషి లేడు. అప్పుడు దుకాణం వాళ్ళ మాటలో కొంత నిజం వుండవచ్చు. అప్పుడు కూడా పాత తిరిగే డిస్కు తీసి ఎస్.ఎస్.డి. పెడితే చాలా కంప్యూటర్లు మరికొన్నేళ్ళు పనిచేస్తాయి.

'మీ ఇంటర్నెట్ వేగం పెంచుతాము' అంటూ తెర మీదకు వచ్చే ప్రోగ్రాములను మాత్రం దగ్గరకు రానీయవద్దు. తెగిన తీగను ఏ ప్రోగ్రామూ అతకదు. అవి చాలావరకు ప్రకటనలు మోసుకువచ్చేవి, కొన్ని దొంగలు. ఇప్పటికే వేసుకున్నవారు తీసేసి, విండోస్‌తో వచ్చే డిఫెండరుతో ఒకసారి పూర్తిగా వెతికించండి. బ్రౌజరుకు తగిలించుకున్న అదనపు హంగులను కూడా ఒక్కొక్కటిగా ఆపి చూడండి.

మరొక రకం నెమ్మది వున్నది. వేగ పరీక్షలో 90 వస్తుంది, సినిమా చక్కగా నడుస్తుంది, కాని ప్రతి కొత్త పేజీకి మొదట నాలుగైదు సెకన్లు ఏమీ జరగదు. తరువాత ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఇది చిరునామా వెతికే ఆలస్యం. 1972 ఆగస్టు 15న మన శాఖ పిన్‌కోడు తెచ్చింది. ఊరి పేరు ఏ భాషలో ఎలా వ్రాసినా 395002 అంటే ఈ రింగ్ రోడ్డు మార్కెట్ల వైపే, 505001 అంటే కరీంనగరే. ఇంటర్నెట్‌లో కూడా మనం పేరు కొడతాము, యంత్రానికి కావలసినది అంకె. పేరును అంకెగా మార్చే సార్టింగ్ ఆఫీసును డి.ఎన్.ఎస్. అంటారు. కంపెనీవారి సార్టింగ్ ఆఫీసు మందకొడిగా వుంటే సెట్టింగ్సులో 8.8.8.8 అని గాని, 1.1.1.1 అని గాని వ్రాసి వేరే ఆఫీసుకు మార్చుకోవచ్చు. దీనివల్ల 4 కాస్తా 94 కాదు. మొదటి ఎదురుచూపు తగ్గుతుంది, అంతే. దీనిని సర్వరోగ నివారిణిగా చెప్పేవారిని నమ్మవద్దు.

పొట్లాలు దారిలో పోతున్నాయేమో చూడడానికి 'పింగ్' అనే ఆజ్ఞ వున్నది. ఖాళీ ఎ.డి. కార్డు పంపి ఎన్ని తిరిగి వస్తాయో లెక్కపెట్టడం. ముందు మన డబ్బాకే పంపాలి, తరువాత బయటి అంకెకు. సోదరుని పాత తీగ మీద డబ్బాకు 50 పంపితే 11 తిరిగి రాలేదు. పది అడుగుల దూరంలో 11 ఉత్తరాలు మాయం! కొత్త తీగ మీద 50కి 50 వచ్చాయి. డబ్బా వరకు అన్నీ వచ్చి, బయటికి పంపినవి పోతుంటే, అప్పుడు కంపెనీవారికి ఉత్తరం వ్రాయవచ్చు. ఈసారి ఆధారంతో.

ఆ ఉత్తరం వ్రాసే పద్ధతి మనకు కొత్త కాదు. ముందు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. 2012 నాటి టెలికాం నియమాల ప్రకారం ప్రతి ఫిర్యాదుకు సంఖ్య ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే కంపెనీలోనే అప్పిలేట్ అధికారి వుంటారు. మాటలు వద్దు, కొలతలు వ్రాయండి: తేదీ, గంట, తీగతో కొలిచిన వేగం, రెండు వేర్వేరు పరికరాల మీద కొలిచిన వేగం, పింగ్ లెక్క. ఫైబరు డబ్బా మీద ఎర్ర దీపం వెలిగితే ఆ సంగతి. ఉత్తరాయణ్ రోజులలో మేడల మీద గాలిపటాల దారాలు, వేలాడే ఫైబరు తీగలు ఎలా పెనవేసుకుంటాయో సూరత్‌లో వున్నవారికి చెప్పనక్కరలేదు. ఫైబరును గట్టిగా మడిచినా వెలుగు కారిపోతుంది. అది వారు వచ్చి బాగుచేయవలసిన సెక్షను. మనం ముట్టరాదు.

ఒక మాట ప్రక్కకు పోయి చెబుతాము. తపాలా, తంతి ఒకే శాఖగా వున్న రోజులు 1985 వరకు. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. రైలు పట్టాల వెంట ఫైబరు నడిపే రైల్‌టెల్ 2000లో ఏర్పడింది. ఎండలో ట్రాక్‌మెన్ నడిచే దారి ప్రక్కనే, భూమిలో, దేశపు ఇంటర్నెట్ కొంత నడుస్తున్నది. ఇవి మనకు పరాయి తీగలు కావు. వీటిని చూసి మనం జంకడంలో అర్థం లేదు.

చివరిగా గడువు సంగతి. అన్నీ బాగున్నా దరఖాస్తు పేజీ తెరుచుకోకపోవచ్చు. చివరి రోజు లక్షలమంది ఒకే కౌంటరు మీద పడితే మూడవ సెక్షను, అంటే అవతలివారి యంత్రం, ఆగుతుంది. మరి నాలుగు పేజీలు తెరిచి చూడండి. అవి వస్తూ ఆ ఒక్కటే రాకపోతే మీ ఇంటిలో దోషం వెతకవద్దు. తెల్లవారుజామున ప్రయత్నించండి. ఇంట్లో లైను నిజంగా పోతే ఫోనులోని హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటరును దానికి కలపండి. ఒక లైను మూసినప్పుడు రెండవ లైను మీద రెండు వైపుల బండ్లూ నడిపినట్లు, ఫారము పంపడానికి అది చాలు.

ఆ రాత్రి పదకొండు గంటలకు అమ్మాయి ఫారము నింపింది. ఫోటో మూడుసార్లు తిరస్కరించారు. అది ఇంటర్నెట్ తప్పు కాదు, ఫోటో కొలత తప్పు. నాల్గవసారి ఒప్పుకున్నారు. దరఖాస్తు సంఖ్య తెర మీదకు రాగానే వాళ్ళమ్మగారు దానిని కాలెండరు వెనుక వ్రాసిపెట్టారు. తీగకు అయిన ఖర్చు రెండు వందల లోపు. అప్పు దరఖాస్తును సోదరుడు వెనక్కి తీసుకున్నారు. మేము మా ఉత్తరాన్ని ఉపసంహరించుకుంటూ కంపెనీకి మరొక ఉత్తరం వ్రాశాము. అది కూడా లెటర్‌హెడ్ మీదనే, క్షమాపణతో.

పదిహేను మీటర్ల మంచి తీగ ఒకటి, పొట్టి తీగ ఒకటి, రెండు బాటల వైఫై బిళ్ళ ఒకటి శాఖా కార్యాలయంలో వుంచాము. రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్ళి, పరీక్షించి, మూడు రోజులలో తిరిగి ఇవ్వండి. పోయినసారి తీసుకెళ్ళిన పొట్టి తీగ ఎవరి వద్ద వున్నదో వారు ఈ సభలోనే వున్నారని మాకు తెలుసు. రేపు ఉదయం పది గంటలకు కార్యాలయం తెరిచే వుంటుంది.